రొమ్ము తీసేసి ఏడేళ్లయింది, ఇప్పుడు వెన్నెముకలోకి ఎలా వెళ్లింది?

నెల్లూరు_పులుసు
అమ్మకి 2017లో ఎడమ రొమ్ములో గడ్డ. ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు, కీమో, రేడియేషన్, తర్వాత అయిదేళ్లు రోజుకో మాత్ర. మాత్ర ఆపేసిన రోజు డాక్టరు గారు ఇంక ఏడాదికోసారి కనిపిస్తే చాలమ్మా అన్నారు, ఇంటిల్లిపాదీ కొండకెళ్లొచ్చాం, నాన్న గుండు కూడా కొట్టించుకున్నాడు. మొన్న సంక్రాంతి అప్పట్నించి నడుం నొప్పి అంటా ఉంది. నెలంతా వంగి వంగి ముగ్గులేసింది కదా అదే అనుకున్నాం. బెల్టు, నూనె మర్దనా, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. రాత్రి పడుకున్నా తగ్గట్లేదని ఎమ్మారై తీయిస్తే, దాని మీద పెట్ స్కాన్ తీయిస్తే, వెన్నుపూసల్లో మూడు చోట్ల, లివర్‌లో ఒక చోట మచ్చలు.

నాకు బుర్రకెక్కనిది ఏంటంటే అసలు రొమ్మే లేదు కదా, రొమ్ము క్యాన్సర్ ఎక్కడ్నించి వచ్చింది? డాక్టరేమో ఇది బోన్ క్యాన్సర్ కాదు, లివర్ క్యాన్సర్ కాదు, పాతదే అక్కడికి పోయింది అంటాడు. బయట నలభై మంది కూర్చోనుంటే ఇంకేం అడుగుతాం. పైగా లివర్ మచ్చలో సూది గుచ్చి ముక్క తీయాలంట. దాని మీద ఇంట్లో పెద్ద గొడవ. పిన్ని రోజూ ఫోన్ చేసి "అప్పుడే చెప్పా సూది పెట్టి కదిలించొద్దని, నువ్వే పట్టుబట్టి పెట్టించావు, రక్తంలో కలిసిపోయింది" అంటుంది. అప్పుడు బయాప్సీకి పట్టుబట్టింది నేనే, నిజమే. నిజంగా నావల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ధైర్యంగా ఉండు టైపు మెసేజులు వద్దు, అవి వాట్సాప్‌లో సరిపడా ఉన్నాయి.

పచ్చిమిర్చి
మీ పిన్ని చెప్పిందే కరెక్ట్ అనుకుంటా. మా మేనమామకి మెడలో గడ్డ, ఇరవై ఏళ్ల నుంచీ బీడీ తాగే మనిషి, గడ్డున్నా తిరుగుతూనే ఉండేవాడు. సూది పెట్టారు, మూడు నెలల్లో పోయాడు. కదిలిస్తే పాకుతుంది, ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెప్తారు.

నైట్‌డ్యూటీ
పచ్చిమిర్చి గారూ, కోడి కూసింది కాబట్టే తెల్లారింది అన్నట్టుంది. బీడీ తాగే మనిషికి మెడలోకి గడ్డ వచ్చిందంటే చాలాసార్లు అప్పటికే నోట్లోంచో గొంతులోంచో పాకిందని. సూది పెట్టేదే ముదిరాక, తర్వాత పోతే తప్పు సూదిది. క్యాన్సర్ వార్డులో పనిచేస్తా, వారానికి ఇద్దరైనా ఈ భయంతోనే ఆర్నెల్లు ఆలస్యంగా వస్తారు.

గాజుపలక
పేథాలజీ ల్యాబులో పద్నాలుగేళ్లు. డాక్టర్ని కాదు, ముక్కని మైనపు దిమ్మలో పోసి కోసి స్లైడు మీద రంగులేసే మనిషిని.

నెల్లూరు గారి మొదటి ప్రశ్నకి. రొమ్ములోంచి వచ్చిన కణం వెన్నుపూసలో కూర్చున్నా అది రొమ్ము కణమే. మకాం మారితే ఇంటిపేరు మారదు కదా. ఎముక ముక్క మా దగ్గరికొచ్చినప్పుడు ముందు ఆమ్లంలో నానబెట్టి మెత్తబరుస్తాం, లేకపోతే బ్లేడు విరుగుద్ది. మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తే రిబ్బన్‌లా వస్తుంది, గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి గాజు పలక మీదకి ఎత్తుతాం. మైక్రోస్కోపులో చూస్తే ఎముక పలకల మధ్య ఉండాల్సింది మజ్జ. దాని బదులు గుండ్రంగా గుంపు కట్టి గ్రంథుల్లా కూర్చున్న కణాలు కనిపిస్తాయి, ఎముకకీ వాటికీ సంబంధమే ఉండదు. ఈఆర్ స్టెయిన్ అని, ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్ ఉందో లేదో చూపించే రంగు. హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్ అయితే అది వేస్తే వాటి కేంద్రకాలు గోధుమ రంగుకి తిరుగుతాయి. ఎముక క్యాన్సర్ అలా ఉండదు. అందుకే మందు కూడా రొమ్ము క్యాన్సర్‌దే ఇస్తారు, మీ డాక్టరు బోన్ క్యాన్సర్ కాదు అన్నది ఇందుకే.

ఇంకోటి. 2017 రిపోర్టు తీసి చూడండి. అందులో లింఫోవాస్కులర్ ఇన్వేజన్ అని ఒక లైను ఉంటుంది, పక్కన ఉంది లేదా లేదు అని రాస్తారు. గడ్డ పక్కన సన్న రక్తనాళంలోనో లింఫు నాళంలోనో కణాల గుంపు ఇరుక్కుని కనపడితే ఉంది అని. అంటే ఆపరేషన్ రోజుకే కొన్ని బయల్దేరి ఉండొచ్చని.

నెల్లూరు_పులుసు
తీశా. "ప్రెజెంట్" అని ఉంది. చంకలో లింఫు గ్రంథులు 14 తీస్తే 2లో క్యాన్సర్ ఉంది అని కూడా రాశారు. ఏడేళ్లు బీరువాలో పెట్టుకుని ఈ లైను ఎప్పుడూ చదవలేదు.

బస్టాండు_బాబాయ్
ఎవరూ చదవరమ్మా. మేం ఎల్‌ఐసీ బాండు కూడా చదవం.

ఎలుకల_డాక్టర్
పేరు చూసి నాడి చూపించకండి, ఎలుకల్లో క్యాన్సర్ ఎలా పాకుతుందో చూసి పీహెచ్‌డీ చేసినవాణ్ణి.

అక్కా, పిన్ని గారి మాటకి ముందు లెక్క చెప్తా. 1975లో ఎలుకల రొమ్ము కణితిలోంచి బయటికొచ్చే రక్తాన్ని పట్టి కణాలు లెక్కపెట్టారు. గ్రాము గడ్డ నుంచి రోజుకి ముప్పై నలభై లక్షలు రాలుతున్నాయి. ఎవరూ సూది పెట్టలేదు, ఎవరూ కదిలించలేదు, తనంతట తనే. ఒక్క బయాప్సీ సూది కదిలించేది దీని ముందు లెక్కలోకే రాదు. మరి రోజూ అన్ని లక్షలు పోతే ఒళ్లంతా గడ్డలే ఉండాలి కదా? ఉండవు, ఎందుకంటే రక్తంలో పడ్డ క్యాన్సర్ కణానికి ఆ ప్రయాణమే గండం.

మామూలుగా కణాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి, ఆ చెయ్యి పేరు ఈ-క్యాడ్‌హెరిన్. క్యాన్సర్ కణం ముందు ఆ చెయ్యి వదిలేస్తుంది, కింద పొరని ఎంజైములతో కరిగించి దారి చేసుకుంటుంది, కణితిలో కొత్తగా పుట్టిన రక్తనాళాలు ఎలాగూ చిల్లుల బుట్టల్లా ఉంటాయి కాబట్టి వాటిలోకి దూరుతుంది. ఇక లోపల? పట్టు తప్పిన కణం తనంతట తనే చచ్చిపోవాలని దాని జన్యువుల్లోనే రాసుంది, అది తప్పించుకోవాలి. రక్తం ఒరవడికి చీలిపోకూడదు. ఎన్‌కే కణాలని మనకి కాపలా ఉంటాయి, వాటి కంట పడకూడదు. అందుకని కొన్ని ప్లేట్‌లెట్లని దుప్పటిలా కప్పుకుంటాయి, మన ప్లేట్‌లెట్లే దొంగకి ముసుగు అన్నమాట.

మా ల్యాబులో చేసే పని చెప్తా. ఎలుక తోకని దీపం వేడికి పెడితే సిర ఉబ్బుతుంది, సన్న సూదితో బి16 అనే నల్లటి మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, కణాలు రెండు లక్షలు ఎక్కిస్తాం. రెండు మూడు వారాలకి ఊపిరితిత్తులు తీసి చూస్తే లేత గులాబీ స్పాంజి మీద నల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలు. వందో, రెండొందలో. రెండు లక్షలకి రెండొందలు! 1970లో ఐజయా ఫిడ్లర్ అనే ఆయన కణాలకి రేడియోధార్మిక గుర్తు పెట్టి ఇలాంటి లెక్కే తీశాడు, ఒక్క రోజు గడిచేసరికి దాదాపు అన్నీ చచ్చిపోయాయి, గడ్డగా మారినవి చాలా కొద్ది.

పచ్చిమిర్చి
ఎలుకలు ఎలుకలే. మనిషిలో చూపించండి.

ఎలుకల_డాక్టర్
చూపిస్తా, ఇది వింటే పిన్ని గారు కూడా ఆలోచిస్తారు. అండాశయ క్యాన్సర్ ముదిరినవాళ్లకి పొట్టలో నీరు చేరుద్ది కదా, ఆ రోజుల్లో ఆ నీటిని గొట్టం ద్వారా నేరుగా మెడ సిరలోకి మళ్లించేవాళ్లు, ఉబ్బరం తగ్గడానికి. ఆ నీటి నిండా బతికున్న క్యాన్సర్ కణాలు. అంటే ప్రతి రోజూ లక్షల కణాలు డైరెక్టుగా రక్తంలోకి. వాళ్లు పోయాక శవపరీక్ష చేసి 1984లో టారిన్ బృందం రాసింది: చాలామందికి ఊపిరితిత్తుల్లో కొత్త గడ్డలే లేవు. ఉన్నవాళ్లలో కూడా చిన్న చిన్నవి, ఎదగకుండా ఉన్నాయి. బిందెలకొద్దీ పోసినా మొలవలేదు, సూది మొనకి అంటింది మొలుస్తుందా?

గాజుపలక
ఎలుకల డాక్టరు గారు చెప్పింది ఒప్పుకుంటా, కానీ సూదికి క్లీన్ చిట్ ఇచ్చేయకండి. సూది వెళ్లిన దారిలో కణాలు మిగిలి అక్కడే మొలవడం అరుదుగా ఉంది. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌కి సూది పెడితే నూటికి దాదాపు ముగ్గురిలో కనిపించిందని లెక్క ఉంది. వృషణంలో గడ్డ అనుమానం ఉంటే సంచికి సూది పెట్టరు, గజ్జల్లోంచి మొత్తం తీస్తారు. సార్కోమా అయితే రేపు ఆపరేషన్‌లో ఆ దారి కూడా కోసి తీసేలా చూసి గుచ్చుతారు. ఇవన్నీ చర్మం కింద, సూది దారి పక్కన జరిగే కథలు. రొమ్ములో సూది పెడితే ఏడేళ్లకి వెన్నులో తేలడం ఈ కోవలోకి రాదు.

పచ్చిమిర్చి
సరే ఆ మాత్రం ఒప్పుకున్నారు కదా. ఊళ్లోవాళ్లు గాల్లోంచి పుట్టించలేదు.

నైట్‌డ్యూటీ
ఊళ్లోవాళ్లు వృషణాల గురించి చెప్పలేదు లెండి.

పాలమూరు_పోరడు
మా నాయినకు 2019ల పెద్దపేగుల గడ్డ. ఆపరేషనైన ఎనిమిది నెల్లకు లివర్ల ఒకటి కనవడ్డది. అరె పేగుల గడ్డ లివర్లకెందుకు వోయింది, పక్కనే ఉన్న కిడ్నీకి పోవచ్చు గద అని అడిగిన. సర్జన్ సారు కాయిదం మీద బొమ్మ గీసి చూయించిండు. పేగులకెళ్లి వచ్చే రక్తమంత సీదా గుండెకు పోదట, పోర్టల్ సిర అని ఒక పెద్ద కాలువ ఉంటది, అదంత ముందుగాల లివర్లకు పోవుడే, ఆడ వడపోత అయినంకనే ముందుకు. తిన్న తిండి సత్తువ శానా వరకు గట్లనే పోతది, గడ్డ కణాలు గూడ గదే తొవ్వ. లివర్ల ఒక తుకడ కోసి తీసిండ్రు, మిగిలిన లివర్ మల్ల పెరిగింది. నాయిన ఇప్పుడు చేను కాడికి పోతుండు. అందుకని లివర్ల మచ్చ అనంగనే అయిపాయె అనుకోవద్దు అక్కా. అయితే మా నాయినది ఒక్కటే ఉండె, అందరిదీ కోసి తీసుడు కుదరదు.

బస్టాండు_బాబాయ్
అర్థమైంది. పల్లెవెలుగు ఎక్కినోడు మొదటి స్టాపులో దిగాల్సిందే. పేగుల బస్సు ఫస్ట్ స్టాప్ లివర్.

రిటైర్డు_జువాలజీ
బాబాయ్ గారు నవ్వులాటకన్నా అది వందేళ్ల నాటి తగాదా. తెనాలిలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను, కాస్త పాఠం భరించండి.

మెటాస్టాసిస్ అనే మాటని క్యాన్సర్‌కి వాడింది 1829లో రెకామియే అనే ఫ్రెంచి డాక్టరు. రక్తంలో క్యాన్సర్ కణాలు కళ్లారా చూసింది 1869లో ఆష్‌వర్త్, ఆస్ట్రేలియాలో, చనిపోయిన రోగి రక్తంలో గడ్డలో ఉన్నలాంటి కణాలే కనిపించాయని రాశాడు. 1889లో లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది రికార్డులు ముందేసుకున్నాడు. లివర్‌లో 241 మందికి ఉంది. ప్లీహంలో 17 మందికే. ప్లీహానికేం తక్కువ రక్తం పోతుందా? బోలెడు పోతుంది. మరి అక్కడెందుకు రాలేదు? విత్తనం నాలుగు దిక్కులా పడుతుంది, మొలిచేది మాత్రం అచ్చొచ్చిన నేలలోనే అన్నాడాయన. తర్వాత 1920ల్లో అమెరికాలో జేమ్స్ యూయింగ్ వచ్చి నేలా లేదు గీలా లేదు, రక్తం ఎటు పారితే అటే పోతుంది, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే గడ్డ అన్నాడు. అదే బాబాయ్ గారి బస్ స్టాపు. చాలా ఏళ్లు యూయింగ్ మాటే చెల్లింది.

బస్టాండు_బాబాయ్
మాష్టారూ నన్ను అమెరికా సైంటిస్టుతో కలిపారు, ఈ పోస్టు ప్రింటు తీసి మా ఆవిడకి చూపిస్తా.
అయితే పాజెట్ గారిది ఏంటంటే, బస్సు ఎక్కడ ఆగినా సరే పని దొరికిన ఊళ్లోనే మకాం పెడతారు. కూలికి వలస పోయినట్టు.

పాలమూరు_పోరడు
వలస పోయేటోళ్లతోని క్యాన్సర్‌ను పోల్చకు బాబాయ్. మా ఊర్ల సగం మంది బొంబాయి పోయి బతికినోళ్లే.

బస్టాండు_బాబాయ్
తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. సర్కారు తుమ్మ అనుకో. మేక కాయ తింటది, గింజ అరగదు, పెంటికలతో ఊరి చుట్టూ రాలుద్ది. తారు రోడ్డు మీద పడింది ఎండిపోద్ది, చెరువు గట్టున పడింది ఏడాదికి అడివైపోద్ది.

ఎలుకల_డాక్టర్
బాబాయ్ పోలిక మా గైడ్ పోలిక కంటే బాగుంది. ఫిడ్లరే దీన్ని తేల్చడానికి 1980లో హార్ట్ అనే ఇంకొకాయనతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఎలుక కండలో ఊపిరితిత్తి ముక్క, అండాశయం ముక్క, కిడ్నీ ముక్క అతికించారు. మూడింటికీ కొత్త రక్తనాళాలు వచ్చాయి, మూడింటికీ అదే రక్తం. అప్పుడు తోక సిరలోకి మెలనోమా కణాలు వదిలారు. ఊపిరితిత్తి ముక్కలో మొలిచాయి, అండాశయం ముక్కలో మొలిచాయి, కిడ్నీ ముక్కలో మొలవలేదు. కణాలు చేరకపోవడం కాదు, చేరి కూడా బతకలేదు. అంటే నేలే. అలాగని యూయింగ్ ఓడిపోయాడనీ కాదు, పాలమూరు అన్న నాన్నగారిది యూయింగ్ దారే. మొదటి మజిలీ కాలువని బట్టి, మొలక నేలని బట్టి.

నెల్లూరు_పులుసు
మరి అమ్మకి వెన్నెముకే ఎందుకు? రొమ్ము నుంచి మొదటి స్టాపు లంగ్స్ కదా, అవి క్లీన్ అన్నారు.

ఎలుకల_డాక్టర్
రెండు కారణాలు. ఒకటి దారి. సిరల్లో రక్తం గుండె దాకా వెళ్లి ఊపిరితిత్తుల్లోకి పోవడం నిజమే, అక్కడి కేశనాళికలు ఎనిమిది పది మైక్రాన్లు ఉంటాయి, క్యాన్సర్ కణం పదిహేను ఇరవై, కాబట్టి చాలా వరకు అక్కడే ఇరుక్కుంటాయి. కానీ కొన్ని నలిగి సన్నబడి దాటిపోతాయి. పైగా వెన్నెముక చుట్టూ ఒక సిరల వల ఉంది, 1940లో బాట్సన్ వివరించాడు, దానికి కవాటాలు లేవు. దగ్గినా ముక్కినా పొట్ట బిగిసినా రక్తం అటూ ఇటూ మళ్లుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుకి పోవడానికి దీన్నే ఒక కారణంగా చెప్తారు.

రెండోది నేల. ఎముక బయటికి రాయిలా ఉంటుంది కానీ లోపల రోజూ కూల్చడం కట్టడం జరుగుతూనే ఉంటుంది. కూల్చే కణాలని ఆస్టియోక్లాస్టులు అంటారు. రొమ్ము క్యాన్సర్ కణం పీటీహెచ్ఆర్‌పీ అనే ప్రొటీన్ వదిలి, చుట్టుతిరుగుడుగా వీటినే పనిలోకి దింపుతుంది. అవి ఎముకని తవ్వుతాయి, తవ్వినచోట ఎముకలో దాగి ఉన్న ఎదుగుదల పదార్థాలు బయటపడతాయి, అవి తిని క్యాన్సర్ కణం పెరుగుతుంది, పెరిగి ఇంకా వదులుతుంది, వీళ్లు ఇంకా తవ్వుతారు. అమ్మ నొప్పి ఇదే.

నైట్‌డ్యూటీ
ఆ తవ్వకాన్ని ఆపడానికే జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్ పెడతాం. మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకి తప్పకుండా చూపించండి, పుచ్చు పన్ను ఉంటే ముందే తీయించాలి. సెలైన్ మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. హడావిడిలో ఇది చెప్పడం మర్చిపోతుంటారు.
ఇంకోటి గుర్తుంచుకోండి. అమ్మ కాళ్లలో బలం తగ్గింది, తిమ్మిరెక్కింది, ఒంటికి రెండుకి తెలియట్లేదు అంటే రేపు ఓపీకి పోదాం అనుకోవద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలి. వెన్నుపూస నలిగి వెన్నుపాముని నొక్కితే గంటలే లెక్క.

నెల్లూరు_పులుసు
రాసి ఫ్రిజ్ మీద అంటించా. థాంక్స్ అక్కా.

డాలస్_కోడలు
నాకో డౌటు. రక్తంలో పడ్డవి ఒక్క రోజులోనే చచ్చిపోతాయి అన్నారు. గడ్డ 2017లోనే తీసేశారు. మరి ఏడేళ్లు ఎక్కడ దాక్కున్నాయి? మా అత్తగారికి అయితే పదహారేళ్ల తర్వాత వచ్చింది, అప్పటికి మేం ఆవిడకి క్యాన్సర్ వచ్చిన సంగతే మర్చిపోయాం.

ఎలుకల_డాక్టర్
అసలు ప్రశ్న ఇదే. చచ్చేవి రక్తంలో చస్తాయి, బతికినవాటిలో కొన్ని ఎముక మజ్జలోకో లివర్‌లోకో చేరి, పెరగకుండా చావకుండా ఊరికే కూర్చుంటాయి. ఒక్కో కణం, లేకపోతే నాలుగైదు. ఏ స్కానుకీ దొరకవు. కీమో ముఖ్యంగా కొట్టేది విభజించే కణాల్ని, ఇవి విభజించవు కాబట్టి దాన్నీ తప్పించుకుంటాయి. వేసంగిలో నేలలో పడున్న తుంగ గడ్డల్లాగా. ఏది లేపుతుందో పూర్తిగా పట్టుకోలేకపోయారు.

హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్‌కి ఇది మరీ ఎక్కువ. 62,923 మంది ఆడవాళ్లని చూసి 2017లో లెక్క తేల్చారు, అందరూ అయిదేళ్లు మాత్రలు వాడి అప్పటికి ఏమీ లేనివాళ్లే. గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేనివాళ్లలో కూడా 20 ఏళ్లు తిరిగేసరికి నూటికి 13 మందికి దూరంగా తేలింది. గడ్డ అంతే చిన్నదైనా చంకలో నాలుగు నుంచి తొమ్మిది లింఫు గ్రంథులకి పాకినవాళ్లలో 34 మందికి. అందుకే ఇప్పుడు కొందరికి మాత్ర ఏడేళ్లు, పదేళ్లు కూడా వాడిస్తున్నారు.

గాజుపలక
దాక్కోవడం అంటే ఎంతకాలమో గ్లాస్గోలో ఒక కేసు ఉంది. ఒకరికి మెలనోమా తీసేశారు, 16 ఏళ్లు ఏ గొడవా లేదు. వేరే కారణంతో చనిపోతే ఆ మనిషి కిడ్నీలు ఇద్దరికి పెట్టారు. ఇద్దరికీ మెలనోమా వచ్చింది, కిడ్నీ ఇచ్చిన మనిషి కణాలే. 2003లో జర్నల్లో వచ్చింది. కిడ్నీ పెట్టించుకున్నవాళ్లకి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు కదా, అంటే ఆ మనిషి ఒంట్లో 16 ఏళ్లూ వాటిని తొక్కిపెట్టి ఉంచింది ఒంట్లోని కాపలా కణాలే అయ్యుండాలి.

డాలస్_కోడలు
ఒళ్లు జలదరించింది. ఇంక నిద్ర పట్టదు.

ఎలుకల_డాక్టర్
నిద్ర అంటే గుర్తొచ్చింది. 2022లో స్విట్జర్లాండ్‌లో 30 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల రక్తం తెల్లవారుజామున 4కి ఒకసారి, పొద్దున 10కి ఒకసారి తీశారు. రక్తంలో దొరికిన క్యాన్సర్ కణాల్లో ఎక్కువ భాగం 4 గంటల శాంపిల్లోవే. నిద్రలోనే ఎక్కువ బయల్దేరుతున్నాయి, అప్పుడు బయల్దేరినవే చురుగ్గా కూడా ఉన్నాయి. నిద్ర మానేయమని కాదు!! హార్మోన్ల రోజు లెక్కని బట్టి అని మాత్రమే.

బస్టాండు_బాబాయ్
దొంగలు ఎప్పుడైనా తెల్లారగట్లే కదా బయల్దేరేది.

కందిపప్పు_కర్నూలు
ఇన్ని మాటలెందుకప్పా. చక్కెర ఆపేస్తే క్యాన్సర్ ఆకలికి చస్తాది. పెట్ స్కాన్లో చక్కెరే కదా ఎక్కించేది, గడ్డ గబగబా తాగేస్తాదనే కదా. దానికి తోడు లక్ష్మణ ఫలం ఆకు కషాయం పొద్దున్నే పరగడుపున. మా పక్కింటాయన తాగతాండాడు, కీమో కంటే వెయ్యి రెట్లు పవరంట.

నైట్‌డ్యూటీ
పెట్‌లో ఎక్కించేది రేడియోధార్మిక గ్లూకోజు, గడ్డ ఎక్కువ లాక్కునేదీ నిజమే. మెదడు కూడా అంతే లాక్కుంటుంది, ఆ స్కానులో మెదడు కూడా వెలుగుతుంది. మీరు చక్కెర మానేసినా లివర్ తనే గ్లూకోజు తయారు చేసి రక్తంలో వదులుతుంది. తిండి మానేసి ముప్పై ఎనిమిది కేజీలకి వచ్చినవాళ్లకి కీమో డోసు తగ్గించాల్సి వస్తుంది, రోజూ చూస్తున్నా. కషాయం తాగుతూ మాత్ర ఆపేసినవాళ్లనీ చూశా. మీ పక్కింటాయన మాత్ర వేసుకుంటున్నాడో లేదో ముందు కనుక్కోండి.

కందిపప్పు_కర్నూలు
అడిగినా. రెండూ తీసుకుంటాండాడంట. అది నాకు చెప్పలే మడిసి.

అడ్మిన్
కషాయాల చర్చకి వేరే దారం ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ వద్దు.

పచ్చిమిర్చి
ఒక మాట అడుగుతా, వెటకారం కాదు. సూది సంగతి వదిలేద్దాం. ఆపరేషన్‌లో గడ్డని పట్టుకుని పిసికి కోస్తారు కదా, అప్పుడైనా కణాలు రాలవా?

ఎలుకల_డాక్టర్
మంచి ప్రశ్న, దీని మీద మన దేశంలోనే పెద్ద పరీక్ష జరిగింది. టాటా మెమోరియల్ వాళ్లు 11 ఆసుపత్రుల్లో దాదాపు 1,600 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్లని తీసుకుని, సగం మందికి కోత పెట్టే ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అదే, పన్ను పీకేముందు ఇచ్చే మత్తు. ఏడు నుంచి పది నిమిషాలు ఆగి కోశారు. అయిదేళ్లకి చూస్తే ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 90.1 శాతం బతికున్నారు, ఇవ్వనివాళ్లలో 86.4. నాలుగు శాతానికి దగ్గర తేడా, ఎంత చౌక మందో మీకే తెలుసు. కోత సమయంలో కణాలు కదలకుండా మత్తు ఆపుతుందేమో అన్న ఆలోచనతోనే మొదలుపెట్టారు. అంటే మీ అనుమానం పిచ్చిది కాదు. కానీ కోయకుండా వదిలేస్తే అవి రోజూ రాలుతూనే ఉంటాయి, అది మర్చిపోకండి.

పచ్చిమిర్చి
మొదటిసారి ఈ దారంలో నన్ను ఎవరో సగం కరెక్ట్ అన్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

డాలస్_కోడలు
రక్త పరీక్ష చేసి ఈ కణాల్ని ముందే పట్టుకోలేరా మరి? ఇక్కడ లిక్విడ్ బయాప్సీ అని యాడ్లు తెగ వస్తున్నాయి.

గాజుపలక
పట్టుకుంటారు కానీ గడ్డివాములో సూది. రెండు చెంచాల లోపు రక్తం, 7.5 మిల్లీలీటర్లు, అందులో ఎర్ర కణాలే 3 వేల కోట్లకి పైన. వాటి మధ్య క్యాన్సర్ కణాలు అయిదు దొరికితే ఎక్కువ కిందే లెక్క. 2004లో అమెరికాలో ఒక మెషీన్‌కి అనుమతి ఇచ్చారు, అప్పటికే పాకిన రొమ్ము క్యాన్సర్‌లో అయిదు, అంతకంటే ఎక్కువ ఉంటే జబ్బు మొండిదని చెప్పడానికి. బాగున్న మనిషికి ముందే చెప్పడానికి కాదు. విడి కణం కంటే రెండు మూడు అంటుకుని గుంపుగా తిరిగేవే ప్రమాదం, ఎలుకల్లో చూస్తే గుంపులు ఇరవై రెట్లకి పైనే ఎక్కువ నాటుకున్నాయి.

రిటైర్డు_జువాలజీ
1869లో ఆష్‌వర్త్ ఏ మెషీనూ లేకుండా చూశాడంటే ఆ రోగి రక్తంలో ఎన్ని ఉండి ఉండాలో.

నెల్లూరు_పులుసు
అందరివీ రెండు సార్లు చదివా. ఒక్కటి మిగిలింది. పాతదే అని డాక్టరుకే తెలిసినప్పుడు మళ్లీ సూది ఎందుకు?

గాజుపలక
ఏడేళ్లలో అది మారి ఉండొచ్చు. అప్పుడు ఈఆర్ పాజిటివ్ అయినది ఇప్పుడు కాకపోవచ్చు, హర్‌టూ అనే ఎదుగుదల ప్రొటీన్ అప్పుడు ఎక్కువ లేనిది ఇప్పుడు ఉండొచ్చు. ఒకే మనిషివి పాతదీ కొత్తదీ రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పాతది మొత్తం గోధుమ రంగు, కొత్తది నీలంగా ఖాళీగా ఉన్న కేసులు నేనే చూశా. అది తెలియకుండా పాత మందే ఇస్తే నెలలు వృథా. పైగా ఒక్కోసారి ఆ మచ్చ అసలు క్యాన్సరే కాదు అని తేలుద్ది, ముక్క చూడకుండా ఎవరూ చెప్పలేరు. చేయించండి.

నెల్లూరు_పులుసు
మూడు వారాలైంది, అప్‌డేట్. బయాప్సీ అయింది. అమ్మ సూదికి భయపడలేదు, కడుపు మాడ్చమన్నందుకు మాత్రం చిరాకుపడింది. ఈఆర్ పాజిటివే, హర్‌టూ నెగటివ్, రొమ్ముదే. కొత్త మాత్రలు రెండు రకాలు మొదలయ్యాయి, ఇంజెక్షన్ కూడా. వెన్నుకి అయిదు రోజులు రేడియేషన్ పెట్టారు, నిన్నట్నించి రాత్రి పడుకోగలుగుతుంది. పళ్ల డాక్టరు రెండు పుచ్చుపళ్లు పీకాడు, మానాక సెలైన్ అంట.

పిన్నికి ఆ గొట్టం కథ, పొట్టలో నీళ్లు మెడలోకి పోయడం, అంతా చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ లైను రిపోర్టులో అప్పుడే ఉంటే నాకెందుకు చెప్పలేదు" అంది. నేను కూడా చదవలేదు పిన్నీ అన్నా. నిన్న బస్సెక్కి వచ్చింది, అమ్మకి మెత్తగా ఉండాలని పెసరపప్పు కిచిడీ చేసి పెడతా ఉంది.

పాలమూరు_పోరడు
మంచి మాట చెప్పినవ్ అక్కా. రెండో స్కాన్ ఎప్పుడు?

నెల్లూరు_పులుసు
మూడు నెలలకి. అప్పుడు మళ్లీ ఇక్కడే అడుగుతా, ఎలుకల డాక్టరు గారు పారిపోవద్దు.

బస్టాండు_బాబాయ్
పోయినా ఎక్కడ దిగుతాడో మనకి తెలుసు.